మూత మీద కుర్చీ

మాబు మూత వేసేటప్పుడు చప్పుడు కానివ్వడు. అంత బరువైన ఇనప మూతని రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించుతాడు. కింద, పడవ అడుగున వంటగదిలో ఉన్న రసూల్‌బీకి మాత్రం ఆ దించడం ప్రతిరోజూ తెలుస్తుంది. అప్పటిదాకా మెట్ల మీద పడిన ఎండ సన్నబడుతుంది, గీతలాగా అవుతుంది, పోతుంది. ఆ తర్వాత పైన కుర్చీ కాళ్ళు ఈడ్చిన చప్పుడు. మూత మీద పేము కుర్చీ వేసుకుని, తెల్ల కోటు సర్దుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని ఆమె మొగుడు కూర్చున్నాడన్నమాట.

"వేశాడా అత్తా?" అంది గుల్షన్, ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండానే.

"వేశాడు. ఇంక తిరగమోతలు నెమ్మదిగా పెట్టు. నూనె మరీ కాగనివ్వకు."

గుల్షన్ రసూల్‌బీ అన్న కూతురు. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి పోయి ఉబ్బసం తెచ్చుకుంది. ఏటి ఒడ్డున పనుంది, గాలి బాగా తగులుతుంది, వచ్చెయ్యమని తాడేపల్లికి పిలిపించింది రసూల్‌బీయే. వచ్చిన పిల్లకి ఏటి గాలి పడవ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తగులుతోంది.

పైన మైకు గరగరమంది. మేనేజరు బిందుమాధవి గొంతు ఇనప కప్పులోంచి కిందికి దిగింది. రోజూ ఇదే వేళకి, ఇవే మాటలు.

"స్టీమర్ దర్బార్‌కి స్వాగతమండీ. మీరు కూర్చున్నది మామూలు హోటల్లో కాదు. ఇది ఒకప్పుడు ఆవిరితో నడిచిన టగ్గు. ఉండవల్లి కొండల రాయి నింపిన పడవల్ని వరసగా తాళ్ళకి కట్టుకుని ఇదొక్కతే లాక్కెళ్ళేది. పత్తి బేళ్ళు లాగింది, మిరపకాయల బస్తాలు లాగింది. వరదొచ్చి కట్ట తెగితే రాత్రనకా పగలనకా రాయి తోలింది. ఆ తర్వాత బాయిలర్ కోసేసి డీజిల్ ఇంజను పెట్టారు. దానికీ కాలం చెల్లి, రెల్లులో ఒరిగి తుప్పు పట్టిపోతుంటే మా వీరబాబు గారు వేలంలో కొని ఇలా మీ ముందు నిలబెట్టారు. అదుగో, ఆ బాయిలర్‌కి బొగ్గేసిన ఆఖరి మనిషి, మన మాబు సాహెబు!"

చప్పట్లు వినపడ్డాయి. మాబు లేచి తాడు లాగి ఉంటాడు. కూత వినపడింది. ఆ కూత పడవది కాదు, గోడకి బిగించిన డబ్బాలోంచి వచ్చేది. తాడు ఆ డబ్బా మీటకి కట్టి ఉంటుంది.

బాయిలర్ ఉన్న చోటే ఇప్పుడు వంటగది. అప్పటి గోడలే, అప్పటి నిచ్చెన మెట్లే. బాయిలర్ తీసిన చోట గ్యాసు పొయ్యిలు, పక్కన కబాబుల కోసం బొగ్గుల పొయ్యి. పొగగొట్టం మాత్రం పైన అలాగే నిటారుగా ఉంది. దాని లోపల రంగు రంగుల దీపాలు పెట్టి, అడుగున రేకు కొట్టి, పైన అద్దం బిగించారు. సాయంత్రమైతే బెజవాడ ఒడ్డు నుంచి కూడా కనపడుతుందట. కింది గాలి బయటికి పోయే దారి మూత ఒక్కటే. అతిథులు వచ్చే వేళకి అది మూసెయ్యాలని వీరబాబు హుకుం. పోపు ఘాటు ఏసీ హాల్లోకి పోతే పట్టుచీరలు కట్టుకొచ్చినవాళ్ళు లేచిపోతారట.

గుల్షన్ కత్తిపీట వదిలి గోడకి ఆనుకుంది. గొంతులో సన్నగా ఈల మొదలైంది. రసూల్‌బీ తడిగుడ్డ పిండి ఆమె మొహం మీద వేసి, పొయ్యి తగ్గించి, ఇద్దరి పనీ తనే చేసింది.

సాయంత్రం కట్ట మీద ముగ్గురూ ఇంటికి నడిచారు. గుల్షన్ ముందు నడుస్తోంది. మాబు తెల్ల కోటు మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, దాన్ని గుండెకానించుకుని వస్తున్నాడు.

"ఏమయ్యా, ఆ మూత సగమన్నా తెరిచి పెట్టరాదూ?" అంది రసూల్‌బీ.

"నా చేతుల్లో ఏముందే?"

"మూత ఉందిగా."

మాబు నవ్వాడు. "నువ్వు మరీ చెబుతావ్. వయసంతా ఆ గదిలోనే కదా నేనున్నది? బాయిలర్ ముందర. నాకేమైంది, చచ్చానా?"

"నీకు పొగగొట్టం ఉండేదయ్యా. ఇప్పుడు దాంట్లో దీపాలున్నాయి."

కాస్త దూరం పోయాక, కవరు ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఇవాళ ఒంగోలు నించి ఒక డాక్టరమ్మ వచ్చిందే," అన్నాడు. "పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. భుజం మీద చెయ్యేసింది, తెలుసా? ఆ రోజుల్లో మసి మొహంతో పైకి గాలికొస్తే, ఒరేయ్ పక్కకి పోరా, బట్టలకంటుకుంటుంది అనేవాళ్ళు. ఆ పడవ మీదే, ఆ చోటే."

"అవును, నీకు బాగుంది. నాకూ చూడ్డానికి బాగానే ఉంది. పిల్ల ఊపిరాడక చస్తుందయ్యా."

"అడుగుతాలే. ఆదివారం పోనీ. ఓనరు గారి అమ్మగారు వస్తున్నారంట. ఆవిడ వెళ్ళాక అడుగుతా."

అడగడని ఆమెకి తెలుసు. అందుకే మర్నాడు పొద్దున తనే అడిగింది. వీరబాబు హాల్లో నిలబడి, అద్దాలు తుడుస్తున్నవాళ్ళని చూస్తున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. రసూల్‌బీ చేతి వంట మీద అతనికి గురి. వాళ్ళ ఇంట్లో శుభకార్యాలకి కూడా ఆమెనే పిలుస్తాడు.

"ఏంటి రసూల్‌బీ?"

"బాబుగారూ, ఆ మూత... మధ్యాహ్నం పూట కొంచెం తెరిచి ఉంచితే. గుల్షన్‌కి ఉబ్బసమండి."

"ఉబ్బసం మనిషిని వంటకెందుకు తెచ్చావ్ మరి?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"చూడు, నీకు తెలియంది కాదు. నీ కోడివేపుడు ఘాటుకి నాకే కళ్ళు మండుతాయి. హాల్లోకి కొడితే ఎవడొస్తాడు? ఫ్యాన్ పెట్టించాను కదా కింద."

"అది ఉన్న గాలినే తిప్పుతుందండి."

వీరబాబు అద్దం మీద మరక ఒకటి గోటితో గీకాడు. "మీ ముగ్గుర్నీ ఒకేసారి పెట్టుకున్నా. చేతకాదంటే చెప్పు, బాధపడను. ముగ్గుర్నీ ఒకేసారి పంపిస్తా. అంతేగాని మాబుని పైన ఉంచుకుని, కింద ఇంకొకళ్ళని వెతుక్కోవడం నా వల్ల కాదు."

అతను గట్టిగా కూడా అనలేదు. రసూల్‌బీ తల ఊపి, మెట్లు దిగింది. మధ్యాహ్నం ఎండ మెట్ల మీద సన్నబడుతుంటే, పైకి చూసింది. మూత వెనక మాబు మొహం కనపడింది. అతను చూపు తిప్పుకుని దించాడు.

ఆదివారం వీరబాబు తల్లి హనుమాయమ్మ వచ్చింది. ప్రత్తిపాడు వైపు పల్లె వాళ్ళది, మిరప రైతులు. పెద్దావిడ లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, గొంతు మాత్రం చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వినపడే గొంతు. పడవకి కలిసి రావట్లేదని కొడుకు ఫోన్లో చెప్పాడు. పెళ్ళికూతురొకతె ఒడ్డు నించి పడవకి వేసిన పలక మెట్టు జారి ఏట్లో పడింది, మొన్న గాలికి పెద్ద అద్దం బద్దలైంది. దిష్టి, ఇంకేంటి అని, సొంత చేలో కాయలు సంచీలో కట్టుకుని బయల్దేరి వచ్చేసింది.

"అమ్మా, సాయంత్రం తీద్దాం. ఇప్పుడు గెస్టులుంటారు," అని వీరబాబు బతిమాలడం కిందికి వినపడుతోంది.

"ఉండనీరా. వాళ్ళ కళ్ళే కదా పడుతున్నది! జనం చూస్తుండగా తీస్తేనే పోయేది."

"పైన నిప్పు పెట్టకే తల్లీ. హాలంతా తుమ్ములు. కింద బొగ్గుల పొయ్యి ఉంది, అందులో వేయిద్దాం."

"ఎక్కడో ఒకచోట వెయ్యి. నాకు ఘాటొస్తుందో లేదో తెలియాలి, అంతే."

పిల్లకైనా దూడకైనా దిష్టి తీసిన మిరపకాయల్ని నిప్పులో వేసి, ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఘాటొచ్చి దగ్గారంటే ఏం లేదని. ఎంత కాలినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని, ఆ ఘాటునంతా దిష్టే తినేసిందని. రసూల్‌బీ వాళ్ళింట్లోనూ అంతే.

పైన హనుమాయమ్మ పొగగొట్టం ముందు నిలబడి, కాయలూ కల్లుప్పూ చేతబట్టి తిప్పుతోంది. "ఊరి దిష్టి, ఏటి దిష్టి, ఈ ఒడ్డు దిష్టి, ఆ ఒడ్డు దిష్టి, ఫోటోలు తీసే ముండాకొడుకుల దిష్టి..." హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

మూత లేచింది. ఎండ పడింది. మాబు మోకాళ్ళ మీద వంగి, ఎండు మిరపకాయలతో కుప్ప పోసిన పళ్ళెం అందించాడు. "వెయ్యవే. అంతా ఒకేసారి వెయ్యమన్నారు."

"ఇంతా? పిల్లకి గుప్పెడు చాలుగా."

"పిల్ల కాదమ్మా, పడవ!" హనుమాయమ్మ పైనుంచి కేకేసింది. "అంత ఒంటికి అంత కాయ పడాలి."

"మూత తెరిచే ఉంటుందిగా అమ్మగారూ?"

"ఉంటుందే. ఘాటు నాకు రావొద్దూ?"

రసూల్‌బీ పళ్ళెం తీసుకుని బొగ్గుల పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కాయలు ఎర్రగా, గలగలమంటూ ఉన్నాయి. గుల్షన్‌ని మెట్ల దగ్గర గాలికి నిలబడమని, మొహం పక్కకి తిప్పుకుని నిప్పుల మీద కుమ్మరించింది. ఆ పక్కకి తిప్పిన చూపులోనే మెట్ల మీద ఎండ సన్నబడడం కనపడింది.

"ఏయ్! ఏమయ్యోయ్!" అని అరిచేసరికి ఎండ పోయింది. పైన బిందుమాధవి గొంతు, నెమ్మదిగా: "హాలు తలుపు తీసుంది మాబూ, గెస్టులు. కుర్చీ వేసెయ్." కుర్చీ కాళ్ళు ఈడ్చిన చప్పుడు.

ముందు వాసన కమ్మగానే వచ్చింది. ఆ తర్వాత గది మొత్తం ఒక్క దగ్గు అయిపోయింది. రసూల్‌బీ గోనెపట్ట నీళ్ళలో ముంచి పొయ్యి మీద పరిచింది. నిప్పు చచ్చింది కానీ లేచిన పొగ లేచినట్టే ఉంది. తెల్లగా, కప్పుకి అంటుకుని, ఫ్యాను గాలికి గుండ్రంగా తిరిగి మళ్ళీ కిందికి దిగుతోంది. ఆమె ఫ్యాను ఆపింది. కళ్ళు తెరవడం కష్టంగా ఉంది. గుల్షన్ మెట్టు మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, నోరు తెరిచి గాలి లాక్కుంటోంది. గాలి లోపలికి పోవట్లేదు. ఈల కూడా ఆగిపోయింది. అది చూసి రసూల్‌బీకి భయమేసింది. ఈల ఉన్నంతసేపూ ఊపిరి ఉన్నట్టే కదా.

పెద్ద గరిటె తీసుకుని మెట్లెక్కి మూతకేసి కొట్టింది. ఒకసారి కాదు, చెయ్యి ఆపకుండా కొట్టింది.

పైన హనుమాయమ్మ మాట వినపడింది, బాగా దగ్గరగా. మూత పక్కనే కూర్చున్నట్టుంది. "ఏంటయ్యా ఆ చప్పుడు?"

"గిన్నెలండి," అన్నాడు మాబు. "తోముతున్నారు."

రసూల్‌బీ చెయ్యి ఆగిపోయింది. వాళ్ళిద్దరి మధ్యా ఇనప రేకు మందం తప్ప ఏమీ లేదు. అతని కాళ్ళు సరిగ్గా ఆమె నెత్తి మీద ఉన్నాయి. కెమెరా టిక్కుమంది. "తాతా, టోపీ కొంచెం పైకి," అంది ఎవరో అమ్మాయి గొంతు. కుర్చీ కిర్రుమంది, అతను సర్దుకుని కూర్చున్నాడు.

"ఒక్క తుమ్ము లేదురా వీరబాబూ!" హనుమాయమ్మ గొంతు వణికింది. "అంత కాయ పడిందా, మూతేస్తే మాత్రం సందుల్లోంచన్నా రావొద్దూ? ఇంత ఘాటు లేదు. ఎంత దిష్టి తగిలిందో చూశావా నీ పడవకి! నేను చెబితే నవ్వావు. ఇంకో పళ్ళెం పొయ్యండి. మొత్తం సంచీ వేసెయ్యండి."

రసూల్‌బీ మెట్లు దిగింది. గుల్షన్ చంకల కింద చేతులేసి లేపి, తన భుజానికి ఆన్చుకుని మూత కిందిదాకా మెట్లెక్కించింది. "పైకి చూడు. వెలుగు రాగానే ఎక్కెయ్. నేను పట్టుకుంటా," అంది చెవిలో. ఆ పిల్లకి వినపడిందో లేదో.

కుర్చీ జరిగింది. మూత జానెడు లేచింది. పళ్ళెం పట్టుకున్న మాబు చెయ్యి లోపలికి వచ్చింది. రసూల్‌బీ పళ్ళెం అందుకోలేదు. వీపు మూతకి ఆన్చి, కాళ్ళు మెట్టు మీద బిగించి, ఒక్కసారిగా నిటారుగా లేచింది. మూత అటు పక్కకి తిరగబడి, పడవ అంతా అదిరేట్టు మోగింది. పళ్ళెం ఎగిరి కాయలు తెల్ల కోటు మీదా, నేల మీదా చెల్లాచెదరయ్యాయి. ఆమె వెనక్కి వంగి గుల్షన్‌ని జబ్బ పట్టి పైకి లాగింది. వాళ్ళ వెంట, వాళ్ళ మీదుగా, పొగ బయటికి వచ్చింది.

హాలు తలుపు తెరిచే ఉంది. ముందు ఒక బల్ల దగ్గర, తర్వాత అన్ని బల్లల దగ్గరా దగ్గులు మొదలయ్యాయి. కుర్చీలు వెనక్కి పడ్డాయి. పిల్లలు ఏడ్చారు. బిందుమాధవి మైకు చేత పట్టుకునే దగ్గింది, ఆ దగ్గు ఏటి మీద ఎంతదూరం పోయిందో. హనుమాయమ్మ కళ్ళ వెంట ధారలు కారుతుంటే, తొడ చరిచి నవ్వింది.

"వచ్చింది! ఘాటొచ్చిందిరోయ్! పోయిందిరా నాయనా, దిష్టి పోయింది!"

"మూత వెయ్యి," వీరబాబు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మాబూ, ముందు ఆ మూత వెయ్యి!"

మాబు నేల మీద పడుకున్న గుల్షన్ వైపు చూశాడు. ఆ పిల్ల పక్కకి తిరిగి, రేకు మీద బుగ్గ ఆన్చి, ఏటి గాలిని కొంచెం కొంచెంగా గుటకలేస్తోంది. రసూల్‌బీ ఆమె వీపు రాస్తూ మొగుడి మొహంలోకి చూసింది. అతను వంగి మూత ఎత్తి, ఎప్పట్లాగే చప్పుడు కాకుండా దించాడు. ఆ అదురుకి కింద పడిన టోపీ కూడా తీసి దులిపి పెట్టుకున్నాడు.

గుల్షన్ గొంతులో ఈల మళ్ళీ మొదలైంది. అప్పుడు రసూల్‌బీ లేచింది. పైట కొంగు తీసి మొహం తుడుచుకుంది. వీరబాబు ఏదో అనబోతుంటే అటు చూడకుండా ముసలావిడ దగ్గరికి వెళ్ళింది.

"పోయిందా అమ్మగారూ దిష్టి?"

"పోయిందే తల్లీ. చూడలా, ఎలా దగ్గారో!"

"ఎక్కడికి పోయిందండి?"

హనుమాయమ్మ కళ్ళు తుడుచుకునే చెయ్యి ఆపింది.

"ఇంట్లో తీస్తే ఆ బూడిద మూడు దార్ల దగ్గర పారేసి వస్తాం కదా. వెనక్కి తిరిగి కూడా చూడం. ఇక్కడేమో కాల్చి మూతేశారు. ఇప్పుడు కూడా వేశారు." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది, మాటలు ఆగి ఆగి వస్తున్నాయి. "పడవకి తగిలిందంతా ఆ గదిలోనే ఉందిగా అమ్మగారూ. రేపొద్దున ఆ గదిలోనే అన్నం వండి మీ అబ్బాయికి పెట్టమంటారా?"

పథకం వేసుకుని అన్న మాట కాదది. తీసింది ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అని ఆమెకీ నిజంగానే అనిపించింది. ఉన్నచోట ఉండేది తనూ, పిల్లా కదా అనీ అనిపించింది.

హనుమాయమ్మ మూత వంక చూసింది. కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుంది.

"ఒరేయ్ వీరబాబూ."

"అమ్మా, అదేం కాదు, అది వంట..."

"నోర్ముయ్. ఆ గదిలో ఇక గింజ ఉడకడానికి వీల్లేదు. పొయ్యిలు పైకి తెప్పించు. ఒడ్డు మీద పందిరెయ్యి, అక్కడ వండిస్తావు."

"ఒడ్డు మీదా? వానొస్తే?"

"వానొస్తే తడిసిన వంట తింటారు. ఇది తింటే ఏమవుతారో తెలుసా నీకు?" ఆవిడ మాబు వైపు తిరిగింది. "నువ్వయ్యా. ఆ మూత మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. చిన్నపిల్లలు తిరిగే చోటు. నువ్వు కూర్చో దాని మీద. కదలబోకు."

మంగళవారానికి పందిరి లేచింది. నాలుగు వెదురు గుంజలు, మీద తాటాకు. పొయ్యిలు మోసినవాళ్ళు ఒక్కసారి దిగి, ఊపిరి బిగబట్టి, తెచ్చి పడేసి మూతేశారు. బొగ్గుల పొయ్యి మాత్రం కిందే వదిలేశారు. కట్టెల పొయ్యి తవ్వుకోమన్నాడు వీరబాబు. అప్పటికి అతని కోపం కూడా సగం తగ్గింది. ఒడ్డు మీద వేపుడు వాసనకి బైపాస్ మీద పోయే కార్లు రెండు ఆగాయి. "కట్టెల పొయ్యి మీద, మీ కళ్ళ ముందే" అని బిందుమాధవి మైకులో కొత్త మాట కలిపింది.

రసూల్‌బీ పొయ్యి దగ్గర కూర్చుంటే ఏరు కనపడుతుంది. ఇన్నాళ్ళూ ఏటి మీదే వండింది గానీ, నీళ్ళు చూస్తూ వండలేదు. నూనె బాగా కాగనిచ్చి ఎండుమిరపకాయలు వేస్తే, పొగ లేచి ఎటో పోతోంది. గుల్షన్ పందిరి గుంజకి ఆనుకుని చేపలు తోముతూ పెద్దగా ఎవరి మీదో చాడీలు చెబుతోంది. అంత పెద్ద మాట ఒకే ఊపిరిలో ఆ పిల్ల నోట విని ఎన్నాళ్ళయిందో.

పడవ మీద మాబు మూత మీద కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నమే కాదు, ఇప్పుడు పొద్దుట్నుంచీ. నెత్తిన ఎండ వచ్చినా నీడకి జరగడు. కూత తాడు కూడా కూర్చున్నచోటికే అందేట్టు కట్టి ఇచ్చారు.

అతిథులు తిని వెళ్ళాక, రసూల్‌బీ ఒడ్డు మీంచి కేకేసింది. "ఏమయ్యా, తిందువు రా!"

అతను చెయ్యి ఊపాడు, రాలేనన్నట్టు.

ఆమె కంచంలో అన్నం పెట్టుకుని, పలక మెట్టు మీదుగా పడవ ఎక్కింది. అతని ముందు నిలబడింది. కోటు మీద మిరపకాయ మరకలు ఉతికినా పోలేదు. చెమటకి కాలరు తడిసి ఉంది.

"ఇక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు.

"కంచం మోకాళ్ళ మీద పెట్టుకుని తింటావా ఈ ఎండలో? నీడకి రా. ఎవరూ లేరుగా ఇప్పుడు."

"లేవొద్దన్నారే."

"కింద ఎవరున్నారని కాపలా?"

"నాకేం తెలుసు. కదలొద్దన్నారు." అతను గొంతు తగ్గించాడు. "నీకు బానే ఉంది ఒడ్డు మీద. నన్నిక్కడ కూర్చోబెట్టిపోయావ్."

"నిన్నెవరు కట్టేశారయ్యా?"

మాబు కుర్చీ కోళ్ళ మధ్య, ఇనప మూత మీద పక్కపక్కనే పెట్టుకున్న తన రెండు పాదాల వైపు వంగి చూసుకున్నాడు. నిజంగానే ఎవరన్నా కట్టారేమోనన్నట్టు చాలాసేపు చూశాడు.